వరంగల్ రోడ్లకు సీఎన్‌జీ మేలా, కరెంటు బండి మేలా?

చర్చాంశం: వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో తిరిగే ఆటోలకూ చిన్న సరకు బండ్లకూ సీఎన్‌జీ, అంటే పీడనంతో సిలిండర్‌లో నింపే సహజవాయువు, తగిన ఇంధనమా, లేక నేరుగా కరెంటు బండ్లకు మారడమే మంచిదా?

కాజీపేట ఆటో యజమాని:
డీజిల్ ఆటో అమ్మి సీఎన్‌జీ బండి తీసుకుని మూడేళ్లు కావస్తోంది. ఇంధనం ఖర్చు తగ్గింది, పొగా చప్పుడూ తగ్గాయి. అయితే ఆ మిగులులో కొంత బంక్ దగ్గర లైన్లోనే కరిగిపోతోంది. పొద్దున ఆరింటికి వెళ్తే సిలిండర్ నిండుతుంది. మధ్యాహ్నం వెళ్తే పీడనం చూపే ముల్లు 140 దగ్గరే ఆగుతుంది, లారీ వచ్చేదాకా ఉండమంటారు. చౌరస్తాలో గిరాకీ నా కోసం ఉండదు కదా.

హనుమకొండ లెక్చరర్ (మెకానికల్):
ముల్లు 140 దగ్గర ఆగడం గ్యాసు తప్పు కాదు, అది వచ్చే దారి తప్పు. పైపులైను చేరని బంక్‌కు గ్యాసును లారీ మీద పేర్చిన సిలిండర్లలో తెస్తారు. మీ బండికి 200 బార్ల పీడనం కావాలి. లారీలోని సిలిండర్లు ఖాళీ అవుతున్నకొద్దీ, ట్యాంకులో నీళ్లు తగ్గితే నల్లా ధార సన్నబడినట్టే, పీడనం పడిపోతుంది. అక్కడి కంప్రెషర్ దాన్ని మళ్లీ పెంచేసరికి మీ వెనక పది బండ్లు చేరతాయి. పైపు వస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

ఇంకో మాట. వంటగ్యాసు ఆటోనూ దీన్నీ మనవాళ్లు ఒకే గాటన కట్టి భయపడుతుంటారు. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేలను అంటుకుని ఉంటుంది. సీఎన్‌జీలో ప్రధానంగా ఉండే మీథేన్ బరువు గాలి బరువులో దాదాపు సగమే కనుక, ఆరుబయట పైకి లేచి చెదిరిపోతుంది. ఢిల్లీలో 1998లో సుప్రీంకోర్టు బస్సులన్నిటినీ దీనికి మార్చమని ఆదేశించాక, ఎన్నో గడువులు దాటి, 2002 చివరికి సిటీ బస్సులలో డీజిల్ పోయింది. ఆ మార్పు మొదట్లో అక్కడా బంకుల దగ్గర ఆటోలు గంటలకొద్దీ నిలబడ్డాయి.

హైదరాబాదులో ఉంటున్న నర్సంపేటవాడిని:
పొగ తగ్గిందన్న ఆటో అన్న మాట ఒప్పుకుంటాను, సీఎన్‌జీ స్వదేశీ ఇంధనమంటూ బయట చేసే ప్రచారాన్నే ఒప్పుకోను. దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం, మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి ఓడల్లో తెచ్చుకుంటున్నదే. మన బావుల గ్యాసులో వాహనాలకూ ఇళ్లకూ ఇచ్చే వాటాను 2024 అక్టోబరులో ప్రభుత్వం తగ్గించింది. ఆ లోటును ఖరీదైన గ్యాసుతో పూడ్చుకోవాల్సి వచ్చింది. పైగా రామగుండం ఎరువుల కర్మాగారం యూరియా తయారుచేసేదీ ఈ గ్యాసుతోనే. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ మా ఊరి రైతుకు, ఆటోకు ముందు గ్యాసు ఇవ్వాలని ఎవరు చెబుతారు? మీథేన్ లీకైతే, 20 ఏళ్ల లెక్కలో, కార్బన్ డయాక్సైడ్‌కంటే 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుందన్నదీ మరవొద్దు.

హనుమకొండ లెక్చరర్ (మెకానికల్):
యూరియా మాట గట్టిది, దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. కానీ పోల్చాల్సింది ముడిచమురుతో: అందులో 85 శాతానికి పైగా దిగుమతే. సగం బయటి నుంచి తెచ్చుకునేది, అంతకంటే ఎక్కువ తెచ్చుకునే దాని స్థానంలోకి వస్తే దేశానికి నష్టమెక్కడ? గడ్డి, పేడ, కూరగాయల చెత్త నుంచి తీసే బయోగ్యాసును శుద్ధి చేసి ఇదే పైపులో, ఇదే సిలిండర్‌లో పోయవచ్చు. గ్యాసు కంపెనీలు 2025-26లో 1 శాతంతో మొదలుపెట్టి 2028-29కి 5 శాతం దాకా దాన్ని కలపాలని కేంద్రం నిర్ణయించింది. కోతలయ్యాక పరకాల వైపు పొలాల్లో తగలబెడుతున్న వరిగడ్డి ఈ లెక్కలోకి వస్తే, మీ రైతుకు కూడా ఇందులో నాలుగు రూపాయలు దక్కుతాయి. నగరంలో రూట్లు ఖరారైన బస్సులకు మాత్రం కరెంటే నయమని నేనూ అంటాను.

కాజీపేట ఆటో యజమాని:
సార్, కరెంటు ఆటో బ్యాటరీ పోతే కొత్తదానికి డబ్బంతా ఒక్కసారే పెట్టాలి, నాలాంటోడికి కష్టం. ఇక నా సిలిండర్ పీడనాన్ని తట్టుకుంటుందో లేదో మూడేళ్లకోసారి చూసే పరీక్షకు గడువు వచ్చే నెలతో అయిపోతుంది. దాన్ని విప్పి హైదరాబాదు పంపాలంట. తిరిగొచ్చేదాకా బండి ఇంటి ముందే. ఆ పరీక్షేదో ఇక్కడే చేసే చోటు వరంగల్‌లో ఉంటే ఎవరైనా చెప్పండి.