స్క్రాబుల్‌లో ఫోన్ చూసి పదం పెడితే మోసమేనా?

సీతాఫలం:
శనివారం రాత్రి మా ఇంట్లో గొడవైంది. మా చిన్నది తొమ్మిదో తరగతి. అక్షరాల పలకలతో ఇంగ్లీషు పదాలు కట్టే బోర్డు ఆట స్క్రాబుల్‌లో దానికి ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి వచ్చాయి. పది నిమిషాలు అటూ ఇటూ జరిపింది, ఏమీ తట్టలేదు. అక్షరాలు కొడితే పదాలు చూపించే సైటు ఫోన్‌లో తెరిచి 'రెటీనాస్' పెట్టేసింది. ఒక్కో పలకకీ ఒక్క పాయింటే, కానీ ఏడూ వాడితే 50 బోనస్ కదా, కనీసం 57. మా అన్నయ్య బోర్డు మూసేసి లేచిపోయాడు. ఇది మోసమేనా?

గోదారిగట్టు:
మోసమే. ఉన్న అక్షరాల్లో పదం వెతుక్కోవడమే ఆట. వెతకడం ఫోను చేశాక పిల్లకి మిగిలిందేమిటి? దానికి చేతి పద్ధతి ఉంది. అచ్చులు ఒక పక్క పెట్టాలి. ఐఎన్‌జీ, ఈడీ, ఈఆర్ లాంటి తోకలుంటే కుడివైపుకి, ఆర్ఈ, యుఎన్ ఉంటే ఎడమవైపుకి జరపాలి. మధ్యలో మిగిలినవి చూస్తూ కూర్చోవాలి. కూర్చుంటే పదం వస్తుంది.
పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు బల్ల కింద ఫోను పెట్టుకుని నన్ను ఓడించాడు. అప్పట్నుంచీ మా బోర్డు అటక మీదే ఉంది.

కోడ్‌పిల్లోడు:
అన్నా, ఆ సైటు మంత్రమేం చెయ్యదు. డిక్షనరీల ప్రతి పదం అక్షరాలను ఏ నుంచి జెడ్ వరుసల సర్దిపెట్టుకుంటది. ఈట్, టీ, ఏట్ మూడిట్ల దేన్ని సర్దినా ఏ-ఈ-టి అనే వస్తది. మనం కొట్టినవి గూడ అట్లనే సర్ది, కలిసినవన్నీ చూపిస్తది. ఆ పాప ఏడక్షరాలతోనే నాస్టియర్, ఆంట్సియర్ గూడ వస్తయి. నేను అట్ల చూసే నేర్చుకున్న. చూసుడు తప్పెట్లయితది?

చిట్టిమల్లి:
క్యూ, ఐ రెండే పెట్టి పదం అంటే ఒప్పుకుంటారా? యు లేకుండా క్యూ రాదని మావాళ్లు అంటున్నారు.

గోదారిగట్టు:
నేనైతే ఒప్పుకోను. అది చైనా మాట.

కోడ్‌పిల్లోడు:
స్క్రాబుల్ పోటీలల్ల వాడే కాలిన్స్ పదాల జాబితాల ఉన్నది, చెల్లుతది. ప్రాణశక్తి అని అర్థం. చైనా మాటైతే ఏంది? 'బ్యాండికూట్' మన పందికొక్కు నుంచి పోయిందే. దాన్ని గూడ తీసేస్తరా?

గోదారిగట్టు:
అర్థం తెలియకుండా పదం పెట్టకూడదంటున్నాను.

కోడ్‌పిల్లోడు:
న్యూజిలాండ్ స్క్రాబుల్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ 2015ల ఫ్రెంచ్ స్క్రాబుల్ టైటిల్ గెలిచిండు. ఆయనకు ఫ్రెంచ్ మాట్లాడరాదు. తొమ్మిది వారాలు పదాలు బట్టీ కొట్టిండు, అంతే. అర్థం లేకున్నా ఆట నడుస్తది.

గోదారిగట్టు:
ఆ తొమ్మిది వారాలూ ఆయన బుర్రకెక్కించుకున్నాడు. పోటీలో ఫోను తియ్యలేదు. నువ్వు చెప్పింది నా మాటకే బలం తమ్ముడూ.

ఆవకాయన్నం:
ఆటలో వద్దు, ఆట అయ్యాక చూసుకోండి. సరిపోతుంది కదా.

కోడ్‌పిల్లోడు:
మీ మేనల్లుని మీద కోపం ఆ చిన్నపిల్ల మీద తీస్తున్నరు.

గోదారిగట్టు:
కోపం కాదు. పెంపకం గురించి మాట్లాడుతున్నాను. ఓడిపోవడం రాని పిల్లలు రేపు దేనికీ నిలబడరు.

సీతాఫలం:
పెంపకం దాకా వచ్చారు కాబట్టి చెబుతున్నాను. ఆ ఫోను దాని చేతికిచ్చింది నేనే. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివాను. మా ఇంట్లో ఇంగ్లీషు డిక్షనరీ లేదు. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒక మాట తప్పు పలికితే బల్లకి అవతల ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఇంగ్లీషులో ఓడిపోవడం మీకు ఆట. నాకు ఆ గది గుర్తొస్తుంది. నా పిల్ల తెల్లమొహం వేసుకుని పలకలు చూస్తుంటే తట్టుకోలేకపోయాను.

గోదారిగట్టు:
అమ్మా, నాదీ జిల్లా పరిషత్ బడే. నన్నూ నవ్వారు. అందుకే రోజుకి పది మాటలు నోటుబుక్కులో రాసుకుని నేర్చుకున్నాను. ఎవరో అందించిన మాటతో గెలిస్తే ఆ భయం అలాగే ఉండిపోతుంది, నాకు తెలుసు. అయినా పెంపకం అన్న మాట నేను అనాల్సింది కాదు.

కోడ్‌పిల్లోడు:
అక్కా, మీ పాపకు భయం ఉన్నదా, మీకా?

సీతాఫలం:
నాకే. అది శనివారమే మర్చిపోయింది. ఇవాళ పొద్దున అందరూ లేవకముందు అవే ఏడు పలకలు ముందేసుకుని కూర్చున్నాను. ఫోను వంటింట్లో పెట్టేశాను. 'స్టెయిన్' వచ్చింది, తర్వాత 'ట్రెయిన్స్'. 'రెటీనాస్' కాకుండా ఇంకో పదం ఏడింటితోనూ కట్టాలని ఉంది. 'ఈ' పలక ఒక్కటీ మిగిలిపోయింది.

గోదారిగట్టు:
ట్రెయిన్స్ చెరిపెయ్యండి. 'ఆర్', 'ఈ' రెండూ ఎడమ చివరికి జరిపి, మిగతా అయిదూ చూడండి.

కోడ్‌పిల్లోడు:
అరె, అది...

సీతాఫలం:
చెప్పకండి. చూస్తున్నాను.