అప్‌డేట్: పెదవాల్తేరులో వీధికుక్కలకు విషం, కేసు నమోదైంది

మా వీధిలో కుక్కలకు విషం కలిపిన అన్నం పెట్టారు, ఏ సెక్షన్ రాయించాలి అని అడిగాను కదా. ఎఫ్ఐఆర్ అయింది. ల్యాబ్ రిపోర్టు రావాలి.

మీకూ ఇలా జరిగితే, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 ఒక్కదానితో సరిపెట్టుకోకండి. మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే, ఇది నిజంగా బాధాకరం. భారతీయ న్యాయ సంహిత 325 తప్పక అడగండి: జంతువును చంపినా, విషం పెట్టినా ఐదేళ్ల వరకు జైలు, పైగా కాగ్నిజబుల్ (పోలీసులు వారెంట్ లేకుండానే అరెస్టు చేయగల నేరం). పాత ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి) 428లో ఉన్న, జంతువు విలువ కనీసం పది రూపాయలు ఉండాలన్న షరతు ఇందులో లేదు.

అసలు కేసు నిలిచేది పోస్టుమార్టంతోనే. కళేబరాన్ని పూడ్చొద్దు. విశాఖ ఉక్కపోతకి గంటల్లోనే కుళ్లిపోతుంది, కాబట్టి గ్లౌజులు వేసుకుని, కవర్లో చుట్టి ఐసులో పెట్టండి. పోలీసుల లెటర్ తీసుకుని ప్రభుత్వ పశువైద్యశాలకి వెళ్లండి. పొట్ట, అందులోని ఆహారం ఒక సీసాలో, కాలేయం, కిడ్నీ ముక్కలు ఇంకో సీసాలో, ఉప్పు ఇక కరగనంత చిక్కటి ఉప్పునీటిలో వేయించండి. ఫార్మలిన్ వద్దు, విషం పరీక్ష చెడిపోతుంది. వాడిన ఉప్పునీరు కూడా కొంచెం విడిగా సీల్ చేయించాలి. మిగిలిన అన్నాన్ని మీరు ముట్టుకోకుండా, పోలీసులే పంచనామా రాసి తీసుకునేలా చూడండి.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 173(4) కింద పై అధికారికి పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్. 1960 చట్టం కింద కేసుకు గడువు మూడు నెలలే.