ఎండీఎఫ్, ప్లైవుడ్ దిగుమతుల లెక్కలు: విలువ చూడాలా, పరిమాణం చూడాలా?

గుంటూరు_షీట్లు:
వాణిజ్య శాఖ డేటా బ్యాంకు నుంచి 4410 (పార్టికల్ బోర్డు), 4411 (ఎండీఎఫ్ లాంటి కర్ర పీచు బోర్డులు), 4412 (ప్లైవుడ్) కోడ్ల దిగుమతులు 2018-19 నుంచి దించుకున్నాను. డాలర్ల గీతకీ పరిమాణం గీతకీ పొంతన కుదరడం లేదు. 4412లో కొన్ని కోడ్లు 2022 దగ్గర ఆగిపోయి కొత్తవి మొదలయ్యాయి. బీఐఎస్ నాణ్యతా గుర్తు తప్పనిసరి అయ్యాక బయటి సరుకు తగ్గింది, రేటు పెరుగుతుంది, 18 ఎంఎం ఎండీఎఫ్ ఇప్పుడే గోడౌన్లో వేసుకోమని డీలర్ల మాట. ఈ లెక్కలతో ఆ మాట నిలుస్తుందా లేదా తేల్చవచ్చా?

లెక్కల_పెట్టె:
ముందు డాలర్ల గీతని పక్కన పెట్టండి. మన దిగుమతి విలువ సీఐఎఫ్, అంటే ఓడ కిరాయి, బీమా అందులోనే ఉంటాయి. 2021లో కంటైనర్ కిరాయిలు ఆకాశాన్నంటాయి కదా, అలాంటి ఏడాది ఒక్క షీటు ఎక్కువ రాకపోయినా విలువ ఉబ్బి కనిపిస్తుంది.

ఎంత ఉబ్బుతుందో లెక్క కట్టొచ్చు. 8×4 షీటు 2.44 × 1.22 మీటర్లు. 18 ఎంఎం అయితే 0.0536 క్యూబిక్ మీటరు, అంటే క్యూబిక్ మీటరుకు 18.7 షీట్లు. సాంద్రత 740 కిలోలు అనుకుంటే షీటు దాదాపు 40 కిలోలు. 40 అడుగుల కంటైనర్ ఎండీఎఫ్‌తో నిండదు, అంతకుముందే బరువు హద్దు వచ్చేస్తుంది. 26 టన్నులు వేస్తే 35 క్యూబిక్ మీటర్లు, అటూ ఇటూగా 650 షీట్లు. కిరాయి 1000 డాలర్లు పెరిగిందంటే షీటుకు డాలరున్నర. సుంకం కూడా సీఐఎఫ్ మీదే కాబట్టి ఆ డాలరున్నర మీదా పడుతుంది.

పరిమాణం కాలమ్‌లో యూనిట్ ఏమిటో ప్రతి కోడ్‌కీ విడిగా చూసుకోండి. కిలోలు, చదరపు మీటర్లు, క్యూబిక్ మీటర్లు కలిపి కూడితే వచ్చే అంకెకి అర్థం ఉండదు. అన్నీ క్యూబిక్ మీటర్లలోకి మార్చాకే గీత గీయండి. ఆ తర్వాత విలువని పరిమాణంతో భాగించండి. ఒక నెలలో యూనిట్ ధర ఉన్నట్టుండి సగానికి పడినా, రెట్టింపైనా అది మార్కెట్ కాకపోవచ్చు. ఎక్కడో యూనిట్ తప్పుగా నమోదైందేమో ముందు అనుమానించండి.

2022 తెగుడు సంగతి. హెచ్‌ఎస్ (సరుకుల అంతర్జాతీయ కోడ్ల పట్టిక) 2022 సవరణతో ఎల్‌వీఎల్‌కి (పొరలన్నీ ఒకే దిశలో అతికించిన కర్ర) 4412 41 నుంచి 49 వరకు, బ్లాక్‌బోర్డు రకాలకి (మధ్యలో కర్ర పట్టీలు పేర్చిన బోర్డులు) 4412 51 నుంచి 59 వరకు కొత్త వరుసలు వచ్చాయి. అంతకుముందు బ్లాక్‌బోర్డు 4412 94లో ఉండేది, ఎల్‌వీఎల్ ఎక్కువగా 4412 99లో కలిసిపోయేది. పాతవీ కొత్తవీ ఒక గీతగా కావాలంటే 4412 మొత్తాన్ని తీసుకోక తప్పదు.

ఆటోనగర్_ప్యానెల్:
మీ ప్రశ్న 18 ఎంఎం గురించి. అలాంటప్పుడు 4411 మొత్తం చూసి లాభం లేదు. 5 ఎంఎం దాకా 4411 12, అక్కణ్ణుంచి 9 దాకా 4411 13, 9 దాటితే 4411 14. మీకు కావాల్సింది ఆ చివరిది. అందులోనూ ప్లెయిన్, ప్రీలామ్ (పైన డిజైన్ కాగితం అతికించినది) రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి, 12 ఎంఎం లామినేట్ ఫ్లోరింగ్ కూడా అక్కడే చేరుతుంది. ఇంకో తిరకాసు: గతంలో వియత్నాం, ఇండోనేషియా ప్లెయిన్ ఎండీఎఫ్ మీద వేసిన యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా వచ్చే సరుకు మీద అదనపు సుంకం) 6 ఎంఎం, ఆపై మందానికే. 5.5 ఎంఎం షీటు కోడ్ ప్రకారం 4411 13లోనే ఉన్నా ఆ సుంకం కిందికి వచ్చేది కాదు. సుంకం గీత ఒకచోట, కోడ్ గీత ఇంకోచోట. సుంకం తప్పించుకోవడానికి పల్చటి సరుకు పెరిగినా, జనం ఎండీఎఫ్ ఎక్కువ వాడుతున్నారని రాసేస్తారు.

ఇక స్టాకు మాట. దిగుమతి తగ్గింది కాబట్టి రేటు పెరుగుతుందనడం మన దగ్గర సగం నిజమే. శ్రీకాళహస్తి దగ్గర, అచ్యుతాపురంలో, బద్వేలు దగ్గర గోపవరంలో పెద్ద ఎండీఎఫ్ మిల్లులున్నాయి. విజయవాడ, గుంటూరుకి మందం షీటు లారీలో వచ్చేస్తుంది. ఇక్కడి రేటుని కదిపేది సుబాబుల్, జామాయిల్, సరుగుడు కర్ర టన్ను ధర, ఆ తర్వాత జిగురుకి వాడే యూరియా, మెథనాల్ ధరలు. కర్ర కోసం కాగితం మిల్లులతో కూడా పోటీ ఉంది. కర్ర ధర చూడకుండా ఓడల లెక్క ఒక్కటే చూసి సరుకు వేసుకోవద్దు. పైగా గోడౌన్ తేమకి అంచులు ఉబ్బితే ఆ షీట్లని తక్కువకి వదిలించుకోవాల్సిందే.

బిల్_ఆఫ్_ఎంట్రీ:
బీఐఎస్ విషయంలో ఒక సవరణ. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, ప్లైవుడ్‌లకి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులు 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చాయి. దిగుమతి ఆగిపోలేదు. బయటి దేశపు ఫ్యాక్టరీకి బీఐఎస్ లైసెన్సు కావాలి, అది ఫ్యాక్టరీకి ఇస్తారు, అమ్మే కంపెనీకి కాదు. ఒకే కంపెనీ రెండో ప్లాంటులో చేసిన సరుకు మొదటి ప్లాంటు లైసెన్సు మీద రాదు. కంటైనర్లు పోర్టులో ఇరుక్కునేది ఎక్కువగా ఇక్కడే. డెమరేజ్, డిటెన్షన్ (పోర్టులో నిలవకీ, కంటైనర్ ఆలస్యానికీ పడే రుసుములు) పడితే షీటు మీద మిగిలేదంతా దానికే పోతుంది. ఎండీఎఫ్‌కి ఐఎస్ 12406, ప్రీలామ్ ఎండీఎఫ్‌కి 14587, పార్టికల్ బోర్డుకి 3087, ప్రీలామ్ పార్టికల్‌కి 12823, ప్లైవుడ్‌కి 303. ప్లెయిన్‌కి లైసెన్సు ఉందని ప్రీలామ్ తెప్పించుకుంటే చెల్లదు. షీటు మీది సీఎం/ఎల్ నంబరుని (బీఐఎస్ లైసెన్సు నంబరు) బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి.

2025 జనవరి, ఫిబ్రవరి, మార్చి అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చవద్దు. గడువుకి ముందు దించుకున్న సరుకు ఆ తర్వాతి నెలల్ని అసలుకన్నా పలచగా చూపిస్తుంది. పన్నెండు నెలల కదిలే మొత్తం, అంటే ప్రతి నెలకీ దాంతో కలిపి వెనకటి పన్నెండు నెలల కూడిక, వేసుకోండి.

సుంకం: 100 రూపాయల సీఐఎఫ్‌కి బేసిక్ 10, దాని మీద సర్‌ఛార్జి 1, ఈ 111 మీద ఐజీఎస్టీ 18 శాతం, అంటే 19.98. కట్టేది 30.98 అయినా ఐజీఎస్టీ క్రెడిట్ వస్తుంది కాబట్టి మీకు అసలు ఖర్చు 111. ఆసియాన్ (ఆగ్నేయాసియా) దేశాల సరుక్కి ఫారం ఏఐ (అక్కడ తయారైందన్న ధ్రువపత్రం) ఉంటే ఆ ఒప్పందపు రేటు వర్తిస్తుంది. కానీ 2020 సెప్టెంబరు 21 నుంచి ఆ సరుకు నిజంగా అక్కడే తయారైందన్న సమాచారం దిగుమతిదారు దగ్గర కూడా ఉండాలి, ఫారం ఒక్కటే చాలదు.

గుంటూరు_షీట్లు:
4411 14 విడిగా తీశాను, గీత మారిపోయింది. ప్లైవుడ్‌కి కూడా ఇదే పద్ధతా?

లెక్కల_పెట్టె:
ప్లైవుడ్‌కి 4412 ఒక్కటే చాలదు, 4408 వెనీర్ (పల్చటి కర్ర పొర) కూడా పక్కన పెట్టుకోవాలి. మయన్మార్ 2014 ఏప్రిల్‌లో దుంగల ఎగుమతి ఆపాక మన ప్లై మిల్లులు పైపొర వెనీర్‌ని బయటి నుంచి తెచ్చుకుని, లోపలి పొరలకి ఇక్కడి జామాయిల్, పోప్లర్ వాడుతున్నాయి. షీటు మన దేశంలో తయారైందే, పైపొర మాత్రం ఓడలో వచ్చింది. దేశాలవారీ పట్టికలో నేపాల్ వరుసని కూడా వదలకండి. ఆ సరుకు లారీలో సరిహద్దు దాటుతుంది, ఓడ కిరాయితో దానికి పనిలేదు, బీఐఎస్ లైసెన్సు మాత్రం దానికీ కావాలి.