వేరేవాళ్ల స్థానంలో ఒక్క షోకి వాయించినవాళ్లు ఉన్నారా?

మాది ఒంగోలు. మా ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్స్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించే అన్నకి జ్వరం, శనివారం కావలిలో రిసెప్షన్‌కి ఆయన బదులు నన్ను కూర్చోమన్నారు, ఒకటే టెన్షన్‌గా ఉంది. 1964లో బీటిల్స్ బ్యాండ్ డ్రమ్మర్ రింగో స్టార్‌కి టాన్సిల్స్ వాస్తే జిమ్మీ నికోల్ ఆయన బదులు ఆ బ్యాండ్‌తో డెన్మార్క్ నుంచి ఆస్ట్రేలియా దాకా వెళ్లి వాయించాడు, 1973లో డ్రమ్మర్ కీత్ మూన్ స్టేజీ మీదే సొమ్మసిల్లితే ఆయన బ్యాండ్ ‘ద హూ’ వాళ్లు ప్రేక్షకుల్లోంచి స్కాట్ హాల్పిన్ అనే 19 ఏళ్ల కుర్రాణ్ని ఎక్కించుకున్నారు, నిజంగా ఎంత ధైర్యమో! నా సమస్యల్లా ఒకటే. చరణం అయ్యాక అన్న వేసే చిన్న రోల్ (గబగబా వరసగా కొట్టే దెబ్బలు) వింటేనే మా సింగరక్క పల్లవి ఎత్తుకుంటుంది. అచ్చం అదే నేర్చుకోవాలా, లేక నా పద్ధతిలో వాయించి తనకి సైగ చేస్తే సరిపోతుందా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి, రిహార్సల్‌కి ఒక్క సాయంత్రమే ఉంది.