పగలంతా ఎండ, సాయంత్రం పిడుగులు.. ధాన్యం ఎలా ఆరబెట్టుకోవాలి?

తణుకు రైతు:
అందరికీ నమస్కారమండి. దాళ్వా (రెండో పంట) వరి కోత అయిపోయి ధాన్యం రోడ్డు పక్కన ఆరబోశాం, పొద్దున పదింటికే కాలు పెట్టలేనంత ఎండ, తీరా నాలుగయ్యేసరికి నల్లగా మబ్బేసి ఈదురుగాలి, నిన్న బరకం ఎగిరిపోయి సగం రాశి తడిసింది. అసలు ఇంత ఎండలో వాన ఎలా వస్తుందండీ? ఈ వారమంతా ఇంతేనా?

గోదారి గాలి:
ఆ ఎండ వల్లేనండి. పడమటి నుంచి పొడి వేడిగాలి, మధ్యాహ్నం తర్వాత సముద్రం మీంచి తేమగాలి, రెండూ కలిసిన చోట గాలి పైకి లేచి క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బులు కడతాయి, గంటలో కట్టి గంటలో కురిసిపోతాయి. మీ ఊళ్లో కుమ్మేసినా పక్కూళ్లో చినుకుండదు. అందుకే వారం ముందు ఊరి పేరుతో ఎవరూ చెప్పలేరు, వాతావరణ శాఖ వచ్చే మూడు గంటలకి ఇచ్చే నౌకాస్ట్ అనే అంచనా చూస్కోండి.

కోనసీమ అమ్మాయి:
అన్నయ్యా, ధాన్యం కంటే ముందు మీరు జాగ్రత్త. ఉరుము వినపడిందంటే పిడుగు మీ దాకా వచ్చేంత దగ్గర్లో ఉన్నట్టే, అప్పుడు బరకం పట్టుకుని పరిగెత్తకండి, చెట్టు కిందికి అసలు వెళ్లొద్దు. దామిని యాప్ వేసుకోండి, దగ్గర్లో పిడుగులుంటే చెప్తుంది. ఎండకి మజ్జిగలో ఉప్పేసుకుని తాగుతూ ఉండండి, మన తీరంలో ఉక్కకి చెమట ఆరదు, 38 డిగ్రీలే కదా అనుకోవద్దు.

తణుకు రైతు:
థాంక్స్ అమ్మా. రేపు మూడింటికల్లా కుప్ప చేసి, బరకం అంచులమీద ఇసుక బస్తాలు పెట్టేసి ఇంటికొచ్చేస్తా.