అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుకు ఫ్యూయల్ ఇంజెక్షన్: నాలుగు ఇంజెక్టర్లు పెట్టించవచ్చా?

ప్రశ్న (విజయవాడ నుండి):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన 1977 మోడల్ అంబాసిడర్ నా దగ్గర ఉంది. ఇంజను బోరు చేయించి, పిస్టన్లు మార్పించాను. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ సమానంగానే ఉంది. అయినా ఎండాకాలంలో బందరు రోడ్డు ట్రాఫిక్‌లో కాసేపు నిలబడితే పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి బండి ఆగిపోతోంది, చల్లారేదాకా మళ్లీ స్టార్ట్ కాదు. అందుకే కార్బ్యురేటర్ తీయించి ఇంజెక్షన్ పెట్టించాలనుకుంటున్నాను. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ గారు నాలుగు ఇంజెక్టర్లు (పెట్రోలు చల్లే పరికరాలు), ఒక పాత మారుతి ఈసీఎం (ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటరు) ఉంటే సరిపోతుందని అంటున్నారు. ఇది సరైన పద్ధతేనా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు:

నమస్కారమండీ. ఇంజెక్షన్ తప్పకుండా పెట్టవచ్చు, కానీ ఆ పద్ధతిలో కాదు. మీ బండిలో ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజను. దాని హెడ్డులో నాలుగు సిలిండర్లకూ కలిపి ఇన్‌లెట్ దారులు (గాలి, పెట్రోలు లోపలికి పోయే దారులు) రెండే ఉంటాయి: 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4 సిలిండర్లకు మరొకటి. నాలుగు ఇంజెక్టర్లు పెట్టడానికి అసలు నాలుగు దారులే లేవు.

రెండు దారులకు రెండు ఇంజెక్టర్లు పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. ఈ ఇంజను ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పనిచేసే వరుస, 1-3-4-2. మొదటి దారిని చూడండి: 2వ సిలిండరు గాలి పీల్చడం మొదలుపెట్టాక క్రాంకు 180 డిగ్రీలు తిరగగానే 1వది మొదలుపెడుతుంది, అది పీల్చడం పూర్తయ్యాక సుమారు 360 డిగ్రీల పాటు ఆ దారిలో ఎవరూ పీల్చరు. ఆ విరామంలో ఇంజెక్టరు చల్లిన పెట్రోలంతా దారిలో నిలిచి, ముందుగా తెరుచుకునే 2వ సిలిండరులోకి పోతుంది. వెనకే వచ్చే 1వ సిలిండరుకు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతాయి. రెండో దారిలో 3, 4 సిలిండర్ల మధ్య జరిగేదీ ఇదే. ఫలితంగా లోపలి రెండూ రిచ్‌గా (పెట్రోలు ఎక్కువై), బయటి రెండూ లీన్‌గా (పెట్రోలు తక్కువై) నడుస్తాయి. సైలెన్సరు పైపులో పెట్టిన ఆక్సిజన్ సెన్సరు నాలుగింటి సగటునే చూస్తుంది కనుక మీటరు మీద అంతా సరిగ్గానే కనబడుతుంది, కానీ బయటి పిస్టన్లు వేడెక్కుతూనే ఉంటాయి.

ఇదే తరహా దారులున్న, బి-సిరీస్ కన్నా చిన్నదైన ఏ-సిరీస్ ఇంజను మీద రోవర్ సంస్థ ఏం చేసిందో చూస్తే మనకు దారి దొరుకుతుంది. మినీ కూపర్‌కు 1991లో వారు ఇచ్చింది నాలుగు సిలిండర్లకూ ఒకే ఇంజెక్టరున్న సింగిల్ పాయింట్ పద్ధతి. రెండు ఇంజెక్టర్ల పద్ధతి 1996లో గానీ రాలేదు. అందులో ఏ సిలిండరు పీల్చే సమయానికి ఆ సిలిండరుకు లెక్కగట్టి చల్లవలసి ఉంటుంది, దానికి ఏ సిలిండరు వంతో చెప్పే క్యామ్ సెన్సరు, ప్రత్యేకమైన ప్రోగ్రాము, చాలా ఓపిక కావాలి. రోజూ తిరిగే బండికి సింగిల్ పాయింట్ చాలునని నా గట్టి అభిప్రాయం.

అమరిక ఇలా ఉంటుంది. పాత ఇన్‌లెట్ మానిఫోల్డును కదిలించకండి. కార్బ్యురేటర్ కూర్చునే చోట లేతు మీద అల్యూమినియం అడాప్టరు చేయించి, దాని మీద 1.3 లీటర్ల ఎంపీఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) కారు థ్రాటిల్ బాడీని (గాలిని అదుపు చేసే భాగాన్ని), దాని కింద ఒక ఇంజెక్టరును బిగించండి. ఇంజెక్టరు మూతి మానిఫోల్డు రెండుగా చీలే నడిమధ్యకు చూడాలి. ఒక పక్కకు వంగితే ఆ పక్క రెండు సిలిండర్లూ తడిసిపోతాయి. ఇంజెక్టరు సైజు లెక్క కష్టమేమీ కాదు: సుమారు 50 హార్స్‌పవర్ ఇంజనుకు గంటకు 25 పౌండ్ల పెట్రోలు, అంటే నిమిషానికి 260 సీసీ పైన అవసరం. ఇంజెక్టరు 80 శాతం సమయానికి మించి తెరిచి ఉండకూడదు కనుక 330 సీసీ కావాలి, ఇరవై శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు 360 దాకా తీసుకోండి.

కొంతమంది ఈ పనితో పాటే ఎగ్జాస్టు మానిఫోల్డు తీసేసి గొట్టాల హెడ్డరు వేయిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఇన్‌లెట్ మానిఫోల్డు అడుగున ఎగ్జాస్టు వేడి తగిలే చోటు ఉండబట్టే అక్కడ పడిన పెట్రోలు ఆవిరై అన్ని సిలిండర్లకూ సమంగా పోతుంది. ఆ వేడి పోతే పెట్రోలు గోడలకు అంటుకుని గుంటగా నిలుస్తుంది, యాక్సిలరేటరు నొక్కినప్పుడల్లా బండి తడబడుతుంది.

మారుతి ఈసీఎం దాని ఇంజను లెక్కలతోనే పనిచేస్తుంది కనుక ఇక్కడ పనికిరాదు. మెగాస్క్వర్ట్, స్పీడ్యూనో వంటి ప్రోగ్రాము చేసుకోగల ఈసీయూ (ఈసీఎం లాంటి కంప్యూటరే) తీసుకోండి. ఇంజను వేగం తెలియడానికి క్రాంకు పుల్లీకి 36 పళ్లలో ఒక పన్ను లేని చక్రం బిగించి, సుమారు ఒక మిల్లీమీటరు ఎడంలో సెన్సరు పెట్టండి. ఆ సెన్సరు బ్రాకెట్టు మందపాటి ఇనుపపట్టీతో బ్లాకుకు బిగించినదై ఉండాలి, రేకుతో చేస్తే అదిరి సిగ్నలు తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు:

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా కృతజ్ఞతలండీ. పెట్రోలు పంపు, వైరింగు సంగతి కూడా చెప్పగలరా? ఇంజను పక్కనున్న పాత పంపును అలాగే వాడవచ్చా?

జవాబు:

వాడకూడదండీ. ఆ పంపు ఇచ్చే ఒత్తిడి పావు బార్ ప్రాంతంలో ఉంటుంది, ఇంజెక్టరుకు కావలసింది 3 బార్. ఎలక్ట్రిక్ పంపును వెనక ట్యాంకు దగ్గరే, పెట్రోలు మట్టం కన్నా కిందికి బిగించండి. ఈ పంపులు బాగా నెట్టగలవు గానీ పైకి లాగలేవు. మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకుకు రావడానికి రిటర్న్ పైపు వేయించండి. పెట్రోలు ఎప్పుడూ తిరుగుతూ ఒత్తిడిలో ఉంటుంది కనుక బందరు రోడ్డులో మీకు ఎదురయ్యే ఆవిరి సమస్య చాలావరకు తీరేది ఈ ఏర్పాటు వల్లనే. ట్యాంకు లోపలి తుప్పు ముందే కడిగించండి. రబ్బరు పైపులు ఒత్తిడినీ ఇథనాల్‌నూ తట్టుకునే ఇంజెక్షన్ రకమే కొనాలి, మామూలు పెట్రోలు పైపు పగిలితే వేడి ఎగ్జాస్టు మీద చిమ్ముతుంది. ఇంజను ఆగగానే పంపు కూడా ఆగేలా దాని రిలేను (కరెంటు స్విచ్చును) ఈసీయూ చేతికే ఇవ్వండి.

వైరింగులో ముందు చూడవలసింది చార్జింగు. మీ బండిలో ఇంకా డైనమో ఉంటే ఆల్టర్నేటరు పెట్టించక తప్పదు, ఎందుకంటే ఐడ్లింగులో డైనమో చార్జి చేయదు, పంపు మాత్రం నిరంతరం కరెంటు తింటూనే ఉంటుంది. సెన్సర్ల ఎర్తు వైర్లన్నీ ఈసీయూ దగ్గర కలిపి, అక్కడి నుండి ఇంజను బ్లాకు మీద ఒకే చోట బిగించండి. గాలి వేడిని కొలిచే సెన్సరును మానిఫోల్డులో పెట్టకుండా ఎయిర్ ఫిల్టరు డబ్బాలో పెట్టండి. మానిఫోల్డులో పెడితే ఎండలో ఆగి ఉన్న ఇంజను వేడినే గాలి వేడి అనుకుని పెట్రోలు తగ్గించేస్తుంది, అప్పుడు వేడి మీద స్టార్టింగ్ ట్రబుల్ మళ్లీ మొదలవుతుంది.

మరొక సభ్యుని సూచన:

చట్టం వైపు ఒక మాట. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ లభిస్తుంది. మీ బండి 2027లో ఆ వయసుకు వస్తుంది. ఆ రిజిస్ట్రేషన్ కోరుకునే ఉద్దేశం ఉంటే పని మొదలుపెట్టే ముందే మీ ఆర్టీవో కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఎలాగైనా దేన్నీ కోయించకండి. కార్బ్యురేటరు, పాత పంపు, డిస్ట్రిబ్యూటరు నూనె రాసి భద్రపరిస్తే, అవసరమైననాడు మళ్లీ బిగించుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

తప్పకుండా అడుగుతానండీ. చివరగా ఒక సందేహం: అంతా బిగించాక నాలుగు సిలిండర్లకూ పెట్రోలు సమానంగా అందుతోందని ఎలా తెలుస్తుంది?

జవాబు:

ప్లగ్గులే చెబుతాయి. కొత్త ప్లగ్గులు వేసి, హైవే మీద టాప్ గేరులో ఒకే వేగంతో కొంత దూరం నడిపి, క్లచ్ తొక్కి వెంటనే ఇంజను ఆపేసి, బండిని పక్కకు తీసి ప్లగ్గులు విప్పండి. ఐడ్లింగులో నిలిపి విప్పితే అన్నీ నల్లగానే కనిపిస్తాయి, ఆ రంగును నమ్మవద్దు. నాలుగూ లేత గోధుమ రంగులో ఉంటే సరే. 1, 2 ఒక రంగులో, 3, 4 మరో రంగులో ఉంటే ఇంజెక్టరు మూతి పక్కకు తిరిగిందని అర్థం, అడాప్టరులో దాన్ని సరిచేయాలి. 1, 4 తెల్లగా, 2, 3 నల్లగా ఉంటే పైన చెప్పిన దారుల సమస్యే. అప్పుడు ఎక్కువ లోడు మీద మిక్చరును కాస్త రిచ్‌గా పెట్టి, బయటి రెండు సిలిండర్లనూ కాపాడుకోవాలి.