చార్మినార్ బజార్లకి గైడుని పెట్టుకుని షాపింగా? అవసరమా, దండగా?

బీచ్‌రోడ్_పిల్ల

అందరికీ నమస్తే. మాది వైజాగ్. మాఘంలో అక్క పెళ్ళి. గాజులు, ముత్యాల సెట్టు, సారెకి ఇత్తడి సామాన్లు హైదరాబాద్‌లోనే కొనాలని అమ్మ పట్టు. అమ్మా, పిన్నీ, నేనూ వస్తున్నాం. ఒక ట్రావెల్స్ వాళ్ళు 'షాపింగ్ టూర్' అని చెప్పారు. హోటల్ నుంచి కారు, తోడు గైడు, లాడ్ బజార్, పత్తర్‌గట్టి, బేగంబజార్ మూడూ నాలుగు గంటల్లో. మనిషికి 3,500 చొప్పున ముగ్గురికీ 10,500. నాన్న అయితే "మన డబ్బు మనం ఖర్చుపెట్టుకోడానికి ఇంకొకడికి కూలా?" అని ఎగిరిపడ్డారు. హిందీ రాకుండా వెళ్తే కుచ్చుటోపీ పెట్టేస్తారని పిన్ని భయం. వెళ్ళొచ్చినవాళ్ళు ఏమంటారు?

పురానాపూల్_పోరడు

మీ నాయన చెప్పిందే కరెక్ట్. చార్మినార్ కాడ నిలవడితే లాడ్ బజార్ కండ్ల ముంగటనే ఉంటది, దాన్ని సూపెట్టనీకి మనిషెందుకు? మక్కా మసీదు ఒక దిక్కు, గుల్జార్ హౌజ్ ఒక దిక్కు, గాజుల గల్లీ ఒక దిక్కు. తప్పిపోదామన్నా తప్పిపోలేరు. హిందీ రాదని పరేషాన్ కాకుండ్రి. తెలుగు మాట్లాడేటోళ్ళు చానా దుకాన్లల్ల ఉన్నరు. రాకుంటే క్యాలిక్యులేటర్ మీద నంబర్ కొట్టి సూపిస్తడు, మీరు ఇంకో నంబర్ కొట్టి సూపియ్యాలె, గంతే.

ఇగ ఆ కారు ముచ్చట. చార్మినార్ చుట్టూ బండ్లు పోనియ్యరు. ఎట్లైనా యాడనో ఆపి నడవాల్సిందే. ఆ నడకకు 10,500 ఎందుకు?

డాలస్_వదిన

ఊళ్ళో ఉండేవాళ్ళకి ఇవన్నీ చెప్పడం తేలికే తమ్ముడూ. రెండు వారాల సెలవు మీద వచ్చి, అందులో సగం చుట్టాలిళ్ళకే పోయి, మిగిలిన ఒక్క మధ్యాహ్నంలో పెళ్ళి షాపింగ్ ముగించాల్సినవాళ్ళ సంగతి వేరు. మేం గైడుని పెట్టుకున్నాం, నాకేం విచారం లేదు.

కొనడం పక్కన పెట్టండి. మా పిల్లలకి లక్క గాజు ఎలా పుడుతుందో చూపించాడా అబ్బాయి. మెయిన్ రోడ్డు మీద కొట్లే కనిపిస్తాయి, పని అంతా వెనక గల్లీల్లో ఇరుకు గదుల్లో. ఒకాయన బొగ్గుల పొయ్యి మీద లక్క ముద్ద మెత్తబరిచి, పలక మీద దొర్లించి సన్నటి కడ్డీలా సాగదీసి, గుండ్రటి కర్రకి చుట్టి గాజు చేస్తున్నాడు. పక్కనే ఒకావిడ, వేడి చల్లారకముందే ఒక్కొక్క రాయీ పుల్లతో ఎత్తి అద్దుతోంది. వేడి ఎక్కువైతే రాయి లోపలికి దిగిపోతుంది, తగ్గితే అసలు పట్టదు. మా చిన్నది అక్కణ్ణించి కదల్లేదు. అది చూశాక బయట కొట్లో ధర విని నేను మరీ అంతగా బేరమాడలేకపోయాను, నిజం చెప్తున్నా. ఆ గది మాకు మేముగా ఎలా దొరుకుతుంది?

కొట్టు_లెక్కలు

మా నాన్నకి ఆ వైపు చాలాకాలం కొట్టు ఉండేది. ఏ సరుకో చెప్పను. లోపలి లెక్క తెలుసు కాబట్టి రాస్తున్నా.

గైడు కొట్లోకి వచ్చి ధరలు మాట్లాడడు. సలాం పెట్టి, ఓ మూల కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. కౌంటర్ వెనక ఉన్నవాడికి ఆ సలామే చాలు. అప్పుడు చెప్పే మొదటి ధరలోనే గైడు వాటా కలిసి ఉంటుంది. మీకు చాయ్ వస్తుంది, పిల్లలకి కూల్‌డ్రింక్ వస్తుంది. కాసేపు బేరం నడిచాక గైడు లేచి "భాయ్, మనవాళ్ళే, కొంచెం చూసివ్వు" అంటాడు. ధర దిగుతుంది. మీరు సంతోషపడతారు. దిగింది ముందే ఎక్కించిన ధరే. సాయంత్రం గైడు ఒంటరిగా వస్తాడు, చిన్న నోటుబుక్కు తెరుస్తారు, లెక్క తేలుతుంది. ఏ సరుకు మీద ఎంత అనేది కొట్టుని బట్టి, మనిషిని బట్టి.

దీన్ని మా నాన్న మోసం అనుకోలేదు. గిరాకీ తెచ్చినవాడి కూలి ఉంచుకోకూడదనేవాడు. ఆటోవాళ్ళకీ ఇచ్చేవాడు. నేను ఆయనతో అప్పుడూ గొడవపడ్డాను, ఇప్పుడూ పడతాను. వాటా ఇవ్వడంలో తప్పు లేదు, కొనేవాళ్ళకి చెప్పకపోవడంలో ఉంది.

హైదరాబాద్ ఒక్కటే అనుకోకండి. రాజస్థాన్‌లో ఇలా పర్యాటకుల్ని కొట్లకి తోలే దళారుల్ని లప్కాలంటారు. వాళ్ళ బెడద తట్టుకోలేక అక్కడి ప్రభుత్వం 2010లో ఏకంగా చట్టమే చేసింది.

డాలస్_వదిన

అంటే మేం మోసపోయామంటారా? మా గైడు ఫోన్ చూసుకుంటూ కూర్చోలేదు మరి, మాతోనే ఉన్నాడు.

కొట్టు_లెక్కలు

మీ గైడు ఎలాంటివాడో నాకు తెలీదు వదినగారూ. రివాజు చెప్పానంతే. మీరు ఎంతకి కొన్నారో, అదే సరుకు పక్క కొట్లో ఎంతో చూసుకున్నారా? చూసుకునే టైము టూర్‌లో ఇవ్వరు. అసలు కిటుకు అక్కడే ఉంది.

గల్లీ_నడక

నేనూ ఆ జాతిదాన్నే, పాతబస్తీలో నడకలు నడిపిస్తాను. ఇందులో దాచేదేం లేదు. పైన రాసింది చాలావరకు నిజం.

కానీ రెండో వైపు కూడా వినండి. నేను కొట్ల దగ్గర పైసా తీసుకోను, అందుకే నా ఫీజు ఎక్కువ. ఫోన్ చేసినవాళ్ళలో చాలామంది మొదట అడిగేది "ఇంకొకాయన ఐదొందలకే వస్తానన్నాడు, మీరెందుకు అంత?" అని. ఐదొందలకి మధ్యాహ్నమంతా ఎండలో తిరిగేవాడు మిగతాది ఎక్కడ రాబట్టుకోవాలి? కమీషన్ ఉండకూడదు, ఫీజూ ఉండకూడదు అంటే గైడు గాలి తిని బతకాలి.

టూర్ గురించి ఒక మాట. ఆ ట్రావెల్స్ వాళ్ళు చెప్పిన ప్లాను జరిగేది కాదు. లాడ్ బజార్, పత్తర్‌గట్టి మూసీకి ఇవతల, బేగంబజార్ అవతల. నయాపూల్, అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌లో దాటి, మూడు బజార్లూ నాలుగు గంటల్లో అంటే ఒక్కో చోట ఒక్కో కొట్టే చూపిస్తారు. ఆ ఒక్క కొట్టు ఎవరు ఎంచుతారో మీరే ఆలోచించుకోండి.

నేనైతే పత్తర్‌గట్టిలో ఏమీ కొనకముందు కాసేపు తలెత్తి పైకి చూడమంటాను. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దే పనిలో భాగంగా కట్టిన రాతి కమాన్ల వరస అది. బోర్డులు, బ్యానర్ల వెనక దాక్కుంది పాపం. దాని కింద నడుస్తూ అటుపక్క ముత్యాలు, ఇటుపక్క అత్తరు కొంటారు కానీ ఎవరూ దాన్ని చూడరు. సరే, ఇది నా గోల.

పురానాపూల్_పోరడు

అక్కా, మీరు తీసుకోరు, మంచిదే. అది మాకెట్ల తెలుస్తది? తీసుకునేటోడు గూడ తీసుకోనన్నే చెప్తడు.

గల్లీ_నడక

న్యాయమైన ప్రశ్నే. బయల్దేరేముందే చెప్పండి, "ఇవాళ చూడ్డానికే, ఏమీ కొనం" అని. ముఖం మాడిపోయిందా, వేరేవాణ్ణి వెతుక్కోండి. లేదా కొట్టు మీరే ఎంచి, "ఇందులోకి వెళ్దాం" అనండి. "అక్కడ సరుకు బాగుండదు మేడమ్" అని వెంటనే అడ్డుపడితే సంగతి అర్థమైపోతుంది.

బేరాల_బామ్మ

ఇంత రామాయణం ఎందుకర్రా. అమ్మాయీ, ముందు పెళ్ళికూతురి గాజు కొలత తెలుసుకుని బయల్దేరు. కొలత తెలియకపోతే గైడు వచ్చినా దేవుడు వచ్చినా ఒకటే. రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అంటారే, రెండో అంకె అంగుళంలో పదహారో వంతులు. రెండు-నాలుగంటే లోపలి వెడల్పు రెండుంపావు అంగుళాలు, రెండు-ఎనిమిదంటే రెండున్నర. పాత గాజు ఒకటి సంచీలో వేసుకుని వెళ్ళు. మరీ బిగుతైతే లక్క గాజుని కాస్త వేడి చూపించి సాగదీసి ఇస్తారు, అడుగు. లక్క గాజుల్నీ మట్టి గాజుల్నీ కలిపి సెట్టు కట్టిస్తాడు, చీర ముక్క చూపిస్తే రంగు కలుపుతాడు.

"చెప్పినదానికి సగం అడుగు" అనే పాత సూత్రం పట్టుకుని వెళ్ళకు. ఆ సూత్రం మనకంటే ముందు వాళ్ళకి తెలుసు, దానికి తగ్గట్టే చెప్తారు. ముందు నాలుగు కొట్లలో ఊరికే ధర అడిగి వచ్చెయ్. ఐదో కొట్లో నీకే తెలుస్తుంది. పొద్దున్నే వెళ్తే బోణీ బేరం, మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపడానికి వాళ్ళకి మనసొప్పదు.

బేగంబజార్‌లో ఇత్తడీ రాగీ తూకానికి ఇస్తారు. కిలో రేటు కనుక్కుని తూకం మీద కన్నేసి ఉంచు. అక్కడ బేరానికి పెద్దగా చోటే లేదు, ఇంక గైడు చేసేదేముంది? కొన్ని కొట్లలో చిన్న సామాన్లు డజన్లకి తక్కువ ఇవ్వరు, ఇచ్చినా హోల్‌సేల్ రేటు రాదు. అది ముందే అడిగి తెలుసుకో.

డాలస్_వదిన

బామ్మగారూ, మీ సలహాలు బంగారం. కానీ నాలుగు కొట్లు ఊరికే తిరిగి ఐదో కొట్లో కొనడం అంటే మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారిలాంటివాళ్ళ వల్ల అయ్యే పనేనా?

ఇంకొకటి, మగవాళ్ళెవరూ రాయరు కాబట్టి నేనే రాస్తా. బాత్‌రూమ్. ఆ బజార్లలో ఆడవాళ్ళు మధ్యాహ్నమంతా తిరగాలంటే ముందు అదే సమస్య. నీళ్ళు తాగడం మానేసి తిరుగుతాం. ఎక్కడ శుభ్రంగా ఉంటుందో, ఏ హోటల్లో అడగొచ్చో మా గైడుకి తెలుసు. నా మటుకు సగం డబ్బు దానికే చెల్లిపోయింది.

పురానాపూల్_పోరడు

గిది ఒప్పుకుంట. దీనికి నా కాడ జవాబ్ లేదు.

కొట్టు_లెక్కలు

వదినగారి మాట నిజమే. అయితే గైడు కావాలా వద్దా అని కాకుండా ఏ సరుకు దగ్గర ఉండాలో, ఏ సరుకు దగ్గర ఉండకూడదో ఆలోచించండి. కొనేవాళ్ళకి తెలియనిది ఎక్కడ ఎక్కువో వాటా అక్కడ పెద్దది. మట్టి గాజుల మీద ఎవడికీ ఏమీ మిగలదు. ఉల్లిపాయల కొట్టుకి మిమ్మల్ని ఏ గైడూ తీసుకెళ్ళడు. ముత్యాల కొట్టుకి మాత్రం తప్పకుండా తీసుకెళ్తాడు.

ముత్యం సంగతి వినండి. హైదరాబాద్ ముత్యాలంటాం కానీ ఇవి ఇక్కడి నీళ్ళలో పుట్టినవి కావు. వెనకటికి ఇరాక్‌లోని బస్రా వైపు నుంచి వచ్చేవి, ఇప్పుడు ఎక్కువగా చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవి వస్తున్నాయి. ఇక్కడ జరిగేది రంధ్రం చెయ్యడం, జత కుదర్చడం, గుచ్చడం. ఆ పనితనం గొప్పదే. కాబట్టి "నిజాం నాటి అసలు బస్రా, మీ కోసం తీస్తున్నా" అని ఎవరైనా లోపలి అలమర తెరిస్తే లేచి వచ్చెయ్యండి. పంటికి మెల్లగా రాస్తే అసలుది ఇసకలా గరగరలాడుతుంది, గాజు పూసకి పూత పూసింది నున్నగా జారుతుంది. రంధ్రం అంచు దగ్గర పొర లేచిందేమో చూడండి. ఇది అసలుదా నకిలీదా అన్నంతవరకే, నాణ్యం చెప్పదు.

ఒకవేళ బంగారం కూడా కొంటే, హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే, ఒక్కో నగకీ విడిగా ఇచ్చే హెచ్‌యూఐడీ నంబర్ చూసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ అమ్మాలంటే అది ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో నంబర్ కొడితే వివరాలు వస్తాయి. ముత్యాలకి అలాంటిదేమీ లేదు, అందుకే పక్కా బిల్లు మీద 'మంచినీటి ముత్యాలు', బరువు, లోహం అన్నీ రాయించుకోండి. రాయనన్నవాడి దగ్గర కొనకండి.

గల్లీ_నడక

లక్క గాజులకి కూడా ఒక మాట కలుపుతా. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేక సరుకే అనే గుర్తింపు, వచ్చింది. ఆ పేరు చెప్పి లోహం మీద రాళ్ళు అతికించిన మెషిన్ గాజు కూడా అమ్మేస్తున్నారు. చేతికి తీసుకుని బరువు చూడండి, లోపలి వైపు చూడండి. చేత్తో చేసినదానిలో రాళ్ళు అచ్చు గుద్దినంత సమానంగా ఉండవు.

అడ్మిన్

ట్రావెల్స్ పేర్లు, గైడుల ఫోన్ నంబర్లు ఉన్న మూడు పోస్టులు తీసేశాం. దయచేసి ప్రచారాలు వద్దు. చర్చ కొనసాగించండి.

బీచ్‌రోడ్_పిల్ల

చదివి చదివి నాన్నకి కూడా వినిపించాను. ఆ 10,500 టూర్ వద్దనే అనుకున్నాం. వెనక గల్లీలు చూడాలని నాకు మాత్రం ఉంది, కాబట్టి మొదటి పూట కొనడం లేకుండా ఒట్టి నడకకి ఎవరినైనా మాట్లాడుకుని, కొనే రోజు మేం ముగ్గురమే వెళ్తాం. పిన్ని ఇంకా ఒప్పుకోలేదు. "చూడ్డానికి డబ్బిచ్చి, అసలు అవసరమైన చోట వదిలేస్తారా" అంటోంది. శని, ఆదివారాలు వస్తే ఫర్వాలేదా?

డాలస్_వదిన

మీ పిన్ని మాటలో పాయింటుంది. నా ఓటు ఆవిడకే.

పురానాపూల్_పోరడు

ఆయితారం బేగంబజార్‌ల చానా దుకాన్లు బంద్ ఉంటయి. శనివారం పొద్దుగాల ఇత్తడి సామాన్ తీస్కోండ్రి, లాడ్ బజార్ ఆయితారం పెట్టుకోండ్రి. శుక్రవారం వస్తే మాత్రం మధ్యాహ్నం నమాజ్ టైంల మక్కా మసీదు దిక్కు మస్తు మంది ఉంటరు, అది అయినంకనే పోండ్రి. మెట్రోల ఎంజీబీఎస్ దిగి ఆటో పట్టుకోండ్రి. ఆటోవాడు "మంచి దుకాన్ సూపిస్త" అంటే వద్దని చెప్పి చార్మినార్ కాడనే దిగుండ్రి.